స్విచ్ 2 ఇంటికొచ్చిందా? తెచ్చినవారు తిరిగి విమానం ఎక్కేలోగా ఇవన్నీ చూడండి

చేతిలోనూ, టీవీకి కలిపీ ఆడుకునే వీడియో గేమ్ యంత్రం (కన్సోల్) నింటెండో స్విచ్ 2 విడుదలైంది 2025 జూన్ 5న. మన దేశంలో కంపెనీ దాన్ని అధికారికంగా అమ్మడం లేదు. అందుకే సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు ఇళ్లకు అది గల్ఫ్ నుంచో సింగపూర్ నుంచో సెలవు మీద వచ్చే అన్నయ్య పెట్టెలో వస్తుంది. వారంటీ మాత్రం కొన్న దేశంలోనే ఉండిపోతుంది. కాబట్టి ఆయన సెలవు ఎన్ని రోజులో, మీకున్న అసలు గడువు అన్ని రోజులు. లోపం ఆలోగా బయటపడితే ఆయన చేతికే ఇచ్చి పంపొచ్చు. మొదటి రెండు రోజులు ఆటకన్నా పరీక్షకే ఎక్కువ కేటాయించండి. పిల్లలు ఓపిక పట్టరు, అయినా సరే.

ఇంకా కొనలేదంటే ఫోన్లో మూడు మాటలు చెప్పండి. జపాన్‌లో ఉన్నవాళ్లయితే, 2025లో 49,980 యెన్లకు విడుదలైన మోడల్ తేవద్దు. అందులో మెనూ భాష జపనీస్ ఒక్కటే, జపాన్ దేశం పెట్టిన నింటెండో ఖాతాలు మాత్రమే పనిచేస్తాయి. పలు భాషలున్నది అప్పట్లో 69,980 యెన్లు. రెండోది, బిల్లు పారేయొద్దు. మూడోది, మెమరీ కార్డు కావాలంటే మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ రకమే తేవాలి. మన ఊరి షాపుల్లో ఫోన్లకు అమ్మే మామూలు కార్డు పెడితే అందులో పాత స్విచ్ నుంచి దాచిన ఫొటోలు, వీడియోలు చదువుతుందే తప్ప ఆటలు దాచదు. లోపలి నిల్వ 256 జీబీ. కొద్దిగా ఆడే ఇంటికి మొదటి ఏడాది అదే సరిపోతుంది, కార్డుకు తొందర లేదు.

పెట్టెలో కన్సోల్, రెండు జాయ్‌కాన్ 2 కంట్రోలర్లు, వాటి పట్టీలు, రెండిటినీ కలిపి పట్టుకునే గ్రిప్, కన్సోల్‌ను టీవీకి కలిపే స్టాండు (డాక్), హెచ్‌డీఎంఐ కేబుల్, అడాప్టర్, దాని కేబుల్ ఉండాలి. తెర మీద సన్నటి పొర కనిపిస్తుంది. కొత్త ఫోన్ల మీద వచ్చే ప్లాస్టిక్ కాగితం లాంటిదనుకుని పీకేయొద్దు. తెర పగిలితే ముక్కలు ఎగరకుండా కంపెనీ అంటించిన పొర అది. స్క్రీన్ గార్డు దాని మీదే వేయాలి. శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దగ్గరో, విజయనగరం మూడులాంతర్ల దగ్గరో మొబైల్ షాపుకు తీసుకెళ్తే, కుర్రాడు బ్లేడు తీయకముందే ఈ సంగతి చెప్పండి. గార్డు కూడా మొదటిరోజే వేయించొద్దు. ముందు తెల్లటి తెర, నల్లటి తెర పెట్టి, గదిలో లైటు ఆర్పి, చుక్కలేమైనా ఉన్నాయేమో చూశాకే వేయించండి.

ఇక ప్లగ్గు. గల్ఫ్, సింగపూర్ అడాప్టర్లకు పలక ఆకారపు లావు పిన్నులు మూడు ఉంటాయి, అమెరికా, జపాన్‌వాటికి రెండు బల్లపరుపు పిన్నులు. అడాప్టర్ మీద చిన్న అక్షరాల్లో 100–240 వోల్టులని రాసి ఉందో లేదో చూసుకోండి. ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, పిన్ కన్వర్టర్ చాలు. బల్లపరుపు పిన్నులను మన సాకెట్లో నేరుగా దూర్చడం చాలా ఇళ్లలో చేసే పనే, కానీ అవి వదులుగా నిలబడి నిప్పురవ్వలు రాలుస్తాయి. గట్టిగా పట్టే కన్వర్టర్ తెచ్చి స్పైక్ గార్డులో పెట్టండి.

టీవీకి కలిపే వరుస ముఖ్యం. డాక్ వెనుక మూత తీసి ముందు అడాప్టర్, తర్వాత హెచ్‌డీఎంఐ కలపాలి. ఆ రెండూ అయ్యాకే, తెర డాక్ ముందు వైపుకు ఉండేలా కన్సోల్‌ను దించాలి. బొమ్మ రాకపోతే వందలో ఎక్కువసార్లు తప్పు అడాప్టర్‌ది. ఫోన్ ఛార్జరు చిన్నది, పాత స్విచ్ అడాప్టర్ 39 వాట్లది. అవి బ్యాటరీని నింపగలవు కానీ డాక్‌ను నడపలేవు. దీనితో వచ్చిన 60 వాట్లదే వాడాలి. అదే వాడుతున్నా బొమ్మ లేదంటే అడాప్టర్‌ను గోడ నుంచీ డాక్ నుంచీ ఊడదీసి, 30 సెకన్లు వదిలేసి, మళ్లీ అదే వరుసలో కలపండి. కన్సోలే బిగుసుకుపోతే పవర్ బటన్ 12 సెకన్లు నొక్కి పట్టుకోండి. 4కె టీవీ ఉన్నా 4కె రావడం లేదంటే రెండు చోట్ల చూడాలి: కేబుల్ పెట్టెలోదేనా, టీవీ సెట్టింగుల్లో ఆ హెచ్‌డీఎంఐ పోర్టుకు మెరుగైన సిగ్నల్ ఆప్షన్ ఆన్ చేశారా. టీవీలో గేమ్ మోడ్ కూడా పెట్టండి. లేకపోతే బటన్ నొక్కాక బొమ్మ కదలడానికి కొంచెం ఆలస్యమవుతుంది, పిల్లలు కంట్రోలర్ పాడైందనుకుంటారు.

అన్నిటికన్నా శ్రద్ధగా చూడాల్సినవి జాయ్‌కాన్ స్టిక్కులు, అంటే బొటనవేలితో తిప్పే చిన్న మీటలు. పాత స్విచ్‌లో ఇవి వాటంతటవే జారుతున్నాయనే ఎక్కువ ఫిర్యాదులు వచ్చాయి, అరుగుదల తక్కువుండే అయస్కాంత సెన్సర్ స్టిక్కులు కొత్తవాటిలోనూ పెట్టలేదు. సిస్టమ్ సెట్టింగుల్లో కంట్రోలర్ల విభాగంలోకి వెళ్లి స్టిక్ కాలిబ్రేషన్ (స్టిక్కును సరిదిద్దే చోటు) తెరవండి. వేలు తీసేసినప్పుడు గుర్తు నడిమధ్యన కదలకుండా ఉండాలి. మెల్లగా గుండ్రంగా తిప్పితే అంచు వరకూ అన్ని వైపులా చేరాలి. చేయి పెట్టకుండానే పక్కకు జారుతుంటే ఒకసారి కాలిబ్రేట్ చేయండి. మర్నాడు మళ్లీ జారితే అది తిరిగి పంపాల్సిన కంట్రోలరే. అదే విభాగంలో బటన్ల పరీక్ష కూడా ఉంది, ఒక్కొక్కటీ నొక్కి చూడండి. జాయ్‌కాన్‌లు కన్సోల్‌కు అయస్కాంతంతో అతుక్కుంటాయి. తీసేటప్పుడు వెనుకనున్న మీట నొక్కి లాగాలి, ఊరికే వంచి పీకకూడదు. జాయ్‌కాన్‌ను పక్కకు తిప్పి కంప్యూటర్ మౌస్‌లానూ వాడొచ్చు; ఆ పరీక్షకు గాజు బల్ల వద్దు, సెన్సర్ తడబడుతుంది. పేపరు పరిచి దాని మీద జరపండి.

ఇంటర్నెట్ లేకుండా ఈ కన్సోల్‌ను పూర్తిగా పరీక్షించలేరు. పాత స్విచ్ ఆటలు నడవాలన్నా మొదటి సిస్టమ్ అప్‌డేట్ వేయాల్సిందే. డబ్బా ముందువైపు కింద తాళంచెవి గుర్తున్న ఆటలైతే, లోపలున్న ఆట కార్డులో ఆట ఉండదు, డౌన్‌లోడ్‌కు అనుమతి మాత్రమే ఉంటుంది. 60 జీబీ ఆటను 40 ఎంబీపీఎస్ ఫైబర్ మీద దించడానికి సుమారు మూడు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. రోజుకు 2 జీబీ ఫోన్ ప్యాక్ మీద హాట్‌స్పాట్‌తో అయితే నెల రోజులు. ఇంట్లో ఫైబర్ లేకపోతే కార్డులోనే ఆట మొత్తం ఉన్న డబ్బాలు తెమ్మనండి. డాక్‌లో తీగతో ఇంటర్నెట్ కలిపే లాన్ పోర్టు ఉంది, రూటర్ పక్కనే ఉంటే వైఫైకన్నా అదే నయం. ఖాతాలో పెట్టిన దేశం, ఈ-షాప్ (నింటెండో ఆన్‌లైన్ దుకాణం) ప్రీపెయిడ్ కార్డు ఏ దేశానిదో ఆ దేశం ఒకటే కావాలి. దుబాయ్‌లో దొరికింది కదా అని కార్డు తేవద్దు, దాని మీద ఏ దేశం పేరుందో చూసి తేవాలి.

కరెంటు కోతల ఊళ్లకు ఇది బాగా కుదిరే యంత్రం. దీనికి సొంత బ్యాటరీ ఉంది, కరెంటు పోయినా టీవీ ఒక్కటే ఆరిపోతుంది. డాక్ నుంచి పైకి తీస్తే ఆట ఆగిన చోటి నుంచే సాగుతుంది. దీన్నీ పరీక్షించండి: ఆడుతుండగా డాక్ స్విచ్ ఆపి, కన్సోల్ తీసి ఆడండి. నిండా ఛార్జ్ అయ్యాక ఆటను బట్టి రెండు నుంచి ఆరున్నర గంటలు రావాలి. పెద్ద ఆటతో రెండు గంటలే వచ్చిందని లోపం అనుకోవద్దు. ఎప్పుడూ డాక్‌లోనే ఉంచే ఇళ్లలో ఛార్జింగ్‌ను 90 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ పెట్టండి, బ్యాటరీ ఎక్కువకాలం నిలుస్తుంది.

కంపెనీ చెప్పే వాడకపు ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం మన రేకుల ఇళ్లలో, పై అంతస్తు గదుల్లో అంతకు మించే ఉంటుంది. ఆ వేళ ఆడకుండా ఉండటమే మంచిది. ఎప్పుడైనా సరే డాక్‌ను షోకేస్ అరలో, అద్దం తలుపు వెనుక పెట్టొద్దు, దుమ్ము పడుతుందని ఆడుతుండగా గుడ్డ కప్పొద్దు. వేడి గాలి కన్సోల్ పైనున్న కన్నాల్లోంచే బయటకు పోవాలి. కళింగపట్నం, బారువ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పు గాలి పోర్టుల్లోని లోహాన్ని తినేస్తుంది. ఆడనప్పుడు జిప్ సంచిలో సిలికా జెల్ పొట్లంతో ఉంచండి.

లోపం తేలి తిరిగి పంపాల్సి వస్తే, ముందు ఖాతా తొలగించి సెట్టింగుల్లోంచి కన్సోల్‌ను మొదటి స్థితికి తెచ్చేయండి. అలా చేస్తే అందులో దాచిన ఆటల పురోగతి పోతుందని పిల్లలకు ముందే చెప్పాలి. లోపాన్ని ఫోన్లో వీడియో తీసి, సీరియల్ నంబర్ ఫొటో, బిల్లు కలిపి ఇవ్వండి. అందులో లిథియం బ్యాటరీ ఉంది కాబట్టి పూర్తిగా ఆఫ్ చేసి, చెక్-ఇన్ పెట్టెలో కాకుండా చేతి బ్యాగులోనే పెట్టుకోమని చెప్పండి.