సొంత లారీకి క్యాష్‌బ్యాక్ కార్డు ఎంచుకోవడం ఎట్లా?

మిర్యాలగూడ బియ్యం లోడైనా, జడ్చర్ల మీదుగా పోయే సరుకైనా, కిరాయిలో పెద్ద భాగం డీజిల్‌కే పోతది. అందుకే క్యాష్‌బ్యాక్ (ఖర్చులో కొంత తిరిగి ఇచ్చే) క్రెడిట్ కార్డు తీసుకునే ముందు షరతుల కాగితంలో డీజిల్‌కు క్యాష్‌బ్యాక్ ఉందా అని చూడండి. చాలా కార్డులు ఇంధనాన్ని, వ్యాలెట్ రీఛార్జ్‌ని లెక్కలోకి తీసుకోవు. ఫాస్టాగ్ కూడా కొన్నిట్ల అంతే.

తర్వాత సర్‌ఛార్జ్. బంకులో కార్డు గీకితే సాధారణంగా 1 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. రూ.28,000 డీజిల్ కొట్టిస్తే రూ.280, జీఎస్టీ రూ.50. మాఫీ ఉందంటారు గానీ అది చాలా కార్డుల్లో రూ.4,000, రూ.5,000 లోపు బిల్లులకే, నెలవారీ పరిమితితో. కార్లకు సరిపోతది, ట్యాంకు నింపే లారీకి కాదు. 1 శాతం క్యాష్‌బ్యాక్ రూ.280 వచ్చినా చివరికి రూ.50 నష్టమే!

డీజిల్‌కే అయితే ఎక్స్‌ట్రాపవర్, స్మార్ట్‌ఫ్లీట్, డ్రైవ్‌ట్రాక్ ప్లస్ వంటి ఫ్లీట్ కార్డులతో (ఆయిల్ కంపెనీలు లారీల వాళ్లకు ఇచ్చే ఇంధన కార్డులు) పోల్చండి. మీ రూట్లో ఆ కార్డు ఇచ్చిన కంపెనీ బంకులుండాలి. క్యాష్‌బ్యాక్ కార్డును టైర్లకు, స్పేర్లకు, ఇన్సూరెన్స్‌కు ఉంచుకోండి. ఏడాది ఫీజు ఈ ఖర్చుల మీద తిరిగి రాకపోతే ఆ కార్డు వద్దు.

కిరాయి డబ్బులు నెలన్నరకు వచ్చేవాళ్లు బిల్లు తేదీ మరీ జాగ్రత్తగా పెట్టించుకోవాలి. బిల్లు మొత్తం కాకుండా మినిమం (కనీస మొత్తం) మాత్రమే కడితే వడ్డీ నెలకు సుమారు 3.5 శాతం: రూ.28,000కు రూ.980. డ్రైవర్ బత్తాకు ఏటీఎంలో ఈ కార్డు వాడొద్దు, ఫీజుతో పాటు వడ్డీ ఆ రోజు నుంచే మొదలు.