కార్తీక వనభోజనాలకు కోరంగి మడ అడవి: బయల్దేరే ముందు

కాకినాడకి దగ్గరే కదా అని ఏ వేళప్పుడైనా వెళ్లిపోయే చోటు కాదిది.

పోటు వేళ ముందే కనుక్కోండి. కాలవల్లో నీళ్లు రోజుకు 2 సార్లు ఎక్కి, 2 సార్లు తీస్తాయి. తీసే నీటిలో లోపలికెళ్లిన పడవ బురదలో ఆనిందంటే, మళ్లీ పోటు ఎక్కేదాకా కదలదు. దిగి నెట్టే సాహసం అస్సలు వద్దు: కాళ్లు దిగబడిపోతాయి, మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన మడ వేర్లు అరికాళ్లు కోసేస్తాయి.

తుపాను కబురు ఉంటే మానేయండి. మబ్బు లేదుగా అనే మాట పనికిరాదు. 1996 నవంబరు తుపాను విరుచుకుపడింది ఈ తీరం మీదే.

పిల్లల సైజు లైఫ్ జాకెట్ ఉందో లేదో డబ్బు కట్టకముందే అడగండి. పెద్దవాళ్లది తొడిగితే నీళ్లలో తలమీంచి జారిపోతుంది.

మంచినీళ్లు మోసుకెళ్లాల్సిందే. చుట్టూ నీళ్లే, అన్నీ ఉప్పు కలిసినవి.

పొడుగు చేతుల చొక్కా. చీకటి పడేవేళ దోమలు వదలవు.

స్పీకర్ ఇంట్లో పెట్టి రండి. ఆ మోతకి నీటికుక్కలు ఒక్కటీ బయటికి రావు, మిగతా పడవలవాళ్లూ తిట్టుకుంటారు.