ఇంటి మీది డిష్ ఉంచాలా, తీసేయాలా: స్ట్రీమింగ్ కాలంలో నిర్ణయించుకునే పద్ధతి

తెలుగు రాష్ట్రాల్లో చాలా ఇళ్ళు ఇప్పుడు టీవీ కోసం రెండు చోట్ల డబ్బు కడుతున్నాయి. ఒకవైపు డిష్ రీచార్జ్, మరోవైపు బ్రాడ్‌బ్యాండ్ బిల్లు, దానికి తోడు ఒకటో రెండో ఓటీటీ చందాలు. వీటిలో ఏది మానుకోవాలన్న ప్రశ్న రీచార్జ్ గడువు దగ్గర పడినప్పుడల్లా వస్తుంది. సమాధానం దొరకక ముందే రీచార్జ్ అయిపోతుంది. నా అభిప్రాయంలో ఈ నిర్ణయానికి ఆధారం ఏ సాంకేతికత గెలుస్తుందన్న ఊహ కాకూడదు. మీ ఇంట్లో ఎవరు, ఏ వేళలో, ఏమి చూస్తున్నారన్నదే ఆధారం కావాలి.

అయినా ముందుగా ఒక భయాన్ని పక్కన పెట్టాలి. శాటిలైట్ టీవీ రేపో మాపో ఆగిపోతుందని కొందరు తొందరపడుతున్నారు. చందాదారులు తగ్గుతున్న మాట నిజమే: టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కల ప్రకారం 2020లో సుమారు 7 కోట్లున్న డీటీహెచ్ (ఉపగ్రహం నుంచి నేరుగా ఇంటి డిష్‌కు టీవీ అందించే సేవ) చందాదారులు 2024 మార్చి నాటికి సుమారు 6.2 కోట్లకు దిగారు. కానీ 2022 జూన్‌లో ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ప్రయోగించిన జీశాట్-24 ఉపగ్రహాన్ని చూడండి. అందులో ఉన్నవి 24 కేయూ బ్యాండ్ ట్రాన్స్‌పాండర్లు, అంటే ఇళ్ళ డిష్‌లు అందుకునే తరంగాల్లో టీవీ సంకేతాలను నేలకు పంపే పరికరాలు. ఆ సామర్థ్యం మొత్తాన్ని డీటీహెచ్ సంస్థ టాటా ప్లే అద్దెకు తీసుకుంది. దాని ఆయుర్దాయం 15 ఏళ్ళు. ఇంత దీర్ఘకాలపు ఏర్పాట్లు ఉన్నప్పుడు సిగ్నల్ హఠాత్తుగా మాయం కాదు. అసలు జాగ్రత్త పడవలసింది మరో విషయంలో: చందాదారులు తగ్గే కొద్దీ మిగిలినవారి మీద ధరల భారం పెరగవచ్చు, మీ ఊళ్ళో డిష్ బాగుచేసే మనిషి దొరకడం కష్టం కావచ్చు. అందుకే రాయితీ ఎంత ఆకర్షణీయంగా ఉన్నా ఏడాదికో రెండేళ్ళకో సరిపడా రీచార్జ్ ఒకేసారి చేయకండి. ఒకటి నుంచి మూడు నెలల గడువు చాలు.

ఇక పని మొదలుపెట్టండి. రెండు వారాల పాటు టీవీ పక్కన ఒక కాగితం ఉంచి, ఎవరు ఏ చానల్ ఎంతసేపు చూశారో రాయండి. ఇది చిన్న పనిలా కనిపించినా మిగతా లెక్కలన్నీ దీని మీదే నిలుస్తాయి. జ్ఞాపకం మీద ఆధారపడితే తప్పుడు జాబితా తయారవుతుంది, ఎందుకంటే మనం చూడాలనుకునేవి వేరు, రోజూ చూసేవి వేరు. జాబితా పూర్తయ్యాక దాన్ని సీరియళ్ళు, వార్తలు, క్రికెట్, సినిమాలు అని విడదీయండి.

సీరియళ్ళ దగ్గర డిష్ బలం స్పష్టంగా తెలుస్తుంది. స్టార్ మా కార్యక్రమాలు జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగువి జీ5లో, జెమినివి సన్ నెక్స్ట్‌లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో ఉంటాయి. నాలుగు చానళ్ళ సీరియళ్ళూ చూసే ఇంటికి నాలుగు యాప్‌లు, నాలుగు పాస్‌వర్డ్‌లు, చందా అడిగే చోట నాలుగు చందాలు అవసరమవుతాయి. అదే డిష్ మీద అయితే ఒకే రిమోట్‌తో పని జరుగుతుంది. ఒకే చానల్‌ను అంటిపెట్టుకుని చూసే ఇంటికి మాత్రం ఆ ఒక్క యాప్ చందా చవకగా రావచ్చు. పైగా తప్పిపోయిన భాగాన్ని వీలున్నప్పుడు చూసుకోవచ్చు.

వార్తల కోసం ప్యాక్ అవసరం లేదు. తెలుగు వార్తా చానళ్ళలో చాలావరకు యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారాన్ని ఉచితంగానే ఇస్తున్నాయి.

క్రికెట్ విషయం కొంచెం వివరంగా తెలుసుకోవాలి. 2007లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం, జాతీయ ప్రాధాన్యం ఉన్నవిగా కేంద్రం ప్రకటించిన పోటీల ప్రసారాన్ని, హక్కులు కొన్న ప్రైవేటు సంస్థ, దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతితో పంచుకోవాలి. భారత పురుషుల జట్టు ఆడే అధికారిక వన్డేలు, టీ20లు ఆ జాబితాలో ఉన్నాయి. అయితే ఇలా పంచుకున్న ప్రసారం దూరదర్శన్ సొంత ట్రాన్స్‌మిటర్ల మీద, దాని ఉచిత డిష్ సేవ డీడీ ఫ్రీ డిష్ మీద మాత్రమే రావాలని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే ఫ్రీ డిష్ ఉన్న పొరుగింట్లో డీడీ స్పోర్ట్స్‌లో ఉచితంగా కనిపించే మ్యాచ్ ప్రైవేటు డీటీహెచ్ లేదా కేబుల్ ఉన్న మీ ఇంట్లో అదే చానల్‌లో కనిపించకపోవచ్చు. అది మీ బాక్స్‌లోని లోపం కాదు. ఐపీఎల్ ఈ జాబితాలో లేదు కాబట్టి దానికి సాధారణంగా స్పోర్ట్స్ చానల్ గానీ యాప్ చందా గానీ తప్పదు. యాప్‌లో వచ్చే ఆట డిష్ కంటే కొన్ని సెకన్ల నుంచి అర నిమిషం దాకా వెనకబడుతుందని కూడా గుర్తుంచుకోండి. పక్కింటివాళ్ళు ముందే కేకలు వేస్తే ఉత్కంఠ పోతుందని బాధపడే ఇంటికి ఇది చిన్న విషయం కాదు. లక్షల మంది ఒకే క్షణంలో చూసే ఆటకు ఉపగ్రహమే సహజమైన దారి, ఎందుకంటే పైనుంచి దిగే ఒకే సంకేతాన్ని ఎంతమంది అందుకున్నా దానికి అదనపు భారం లేదు. స్ట్రీమింగ్‌లో ప్రతి ఇంటికీ విడిగా ఒక ప్రవాహం పంపాలి.

ఇప్పుడు మీ బిల్లును విప్పి చూడండి. 2019లో అమల్లోకి వచ్చిన ట్రాయ్ టారిఫ్ విధానం ప్రకారం ప్రతి పే చానల్‌నూ (డబ్బు కట్టి చూసే చానల్‌నూ) విడిగా ఎంచుకునే హక్కు మీకుంది. బిల్లులో రెండు భాగాలుంటాయి: మొదటిది చానళ్ళను మీ ఇంటికి చేర్చినందుకు సంస్థ తీసుకునే నెట్‌వర్క్ చార్జి, రెండోది చానళ్ళ ధర, ఈ రెండింటి మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. నెట్‌వర్క్ చార్జికి ఒకప్పుడు గరిష్ఠ పరిమితి ఉండేది. 2024 జూలైలో ట్రాయ్ దాన్ని తొలగించింది కాబట్టి మీ సంస్థ ఎంత తీసుకుంటుందో దాని యాప్‌లో చూసుకోవాలి. బొకేలో, అంటే కొన్ని చానళ్ళను కలిపి అమ్మే కట్టలో, చేర్చే చానల్ విడి ధర మాత్రం నెలకు రూ.19 మించకూడదన్న నియమం ఉంది. అంటే మీ కాగితంలో తేలిన నాలుగు వినోద చానళ్ళను గరిష్ఠ ధరకే విడిగా తీసుకున్నా రూ.76, పన్నుతో కలిపి రూ.90 లోపే. ఈ మొత్తానికి నెట్‌వర్క్ చార్జి కలిపి, మీరిప్పుడు కడుతున్న ప్యాక్‌తో పోల్చండి. కొన్ని ఇళ్ళలో బొకేనే చవకగా తేలుతుంది. అక్కడ దాన్నే ఉంచుకోండి. ఒకే చానల్‌ను మామూలు రూపంలోనూ హెచ్‌డీలోనూ రెండుసార్లు తీసుకున్నారేమో కూడా చూడండి.

తర్వాత ఇంటర్నెట్‌ను పరీక్షించాలి. మధ్యాహ్నం చేసిన పరీక్ష దేనికీ పనికిరాదు. వీధంతా వాడుతున్న వేళ, రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య, టీవీ ఉన్న గదిలోనే వేగం చూడండి. నెట్‌ఫ్లిక్స్ తన వీక్షకులకు ఇచ్చే సూచన ప్రకారం పూర్తి హెచ్‌డీకి సెకనుకు 5 మెగాబిట్లు, 4కేకి 15 మెగాబిట్లు కావాలి. హెచ్‌డీలో గంటకు 3 జీబీ దాకా ఖర్చవుతుంది. రోజుకు ఐదు గంటలు టీవీ నడిచే ఇంట్లో నెలకు 450 జీబీ అవుతుందన్నమాట. ఫైబర్ కనెక్షన్ దీన్ని సులభంగా మోస్తుంది, రోజుకు 1.5 జీబీ ఇచ్చే ఫోన్ ప్లాన్ అరగంటకు మించి మోయలేదు. కాబట్టి ఫైబర్ రాని ఊళ్ళో డిష్ తీసేయడం గురించి ఆలోచించవలసిన పనే లేదు. ఫైబర్ ఉన్నచోట కూడా అంతరాయాలను పోల్చండి. జోరు వానలో డిష్ సిగ్నల్ పోతుంది, ఎందుకంటే కేయూ బ్యాండ్ తరంగాలను వాన చినుకులు పీల్చుకుంటాయి; వాన తగ్గగానే అది తిరిగి వస్తుంది. తెగిన ఫైబర్ తీగను మనిషి వచ్చి అతికించాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖపట్నంలో కరెంటు, ఫోన్లు ఎలా స్తంభించాయో చూసినవారు కోస్తా జిల్లాల్లో ఒకే దారి మీద ఆధారపడమని ఎవరికీ సలహా ఇవ్వరు.

ఇంట్లో పెద్దవాళ్ళుంటే పై లెక్కలన్నిటికంటే ముందు వాళ్ళ అలవాటును చూడాలని నేను గట్టిగా నమ్ముతాను. అమ్మమ్మకో తాతయ్యకో టీవీ అంటే రిమోట్‌లో తెలిసిన అంకె నొక్కగానే వచ్చే చానల్. యాప్ తెరవడం, ప్రొఫైల్ ఎంచుకోవడం, మధ్యలో లాగౌట్ అయితే ఓటీపీ కోసం ఊళ్ళో లేని కొడుక్కి ఫోన్ చేయడం వాళ్ళకు రోజూ ఎదురయ్యే అవమానంగా మారుతుంది. నెలకు రెండు మూడు వందలు మిగులుతాయని వాళ్ళ చేతిలోని రిమోట్‌ను పనికిరానిదిగా చేయకండి. మార్చక తప్పకపోతే, పాత డిష్ పనిచేస్తుండగానే కొత్త పద్ధతిని నెల రోజులు పక్కన నడిపి, వాళ్ళు ఎవరి సహాయమూ లేకుండా తమ చానల్ పెట్టుకోగలిగిన తర్వాతే డిష్ ఆపండి.

ఖర్చు బాగా తగ్గించుకోవాలనుకునేవారికి డీడీ ఫ్రీ డిష్ మంచి తోడు. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్‌గా మొదలైన ఈ సేవకు నెలసరి రుసుము లేదు. డిష్‌కు, బాక్స్‌కు ఒకసారి పెట్టే ఖర్చే. డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి ఇందులో వస్తాయి. ప్రైవేటు చానళ్ళు ఇందులో చోటును వేలంలో కొనుక్కుంటాయి కాబట్టి జాబితా మారుతూ ఉంటుంది. మీ కాగితంలోని చానళ్ళు ఉన్నాయో లేవో ప్రసార భారతి వెబ్‌సైట్‌లో చూశాకే కొనండి. బాక్స్ ఎంపెగ్-4 (వీడియోను కుదించి పంపే కొత్త పద్ధతి) రకమే తీసుకోండి, పాత ఎంపెగ్-2 బాక్స్‌లో కొన్ని చానళ్ళు రావు. దీనికి ఆధారమైన జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. హైదరాబాదు నుంచి అది ఆగ్నేయ దిక్కున, నేల నుంచి సుమారు 63 డిగ్రీల ఎత్తులో కనిపించాలి; విశాఖలో ఇంకొంచెం దక్షిణానికి, సుమారు 66 డిగ్రీల ఎత్తులో. ఆ దిక్కున ఎత్తైన అపార్ట్‌మెంట్ గానీ కొబ్బరి చెట్టు గానీ అడ్డు లేకుండా చూసుకోండి. డిష్ తిప్పేటప్పుడు తెర మీద కనిపించే రెండు గీతల్లో క్వాలిటీని చూడాలి. స్ట్రెంగ్త్ నిండుగా ఉన్నా క్వాలిటీ సున్నా అయితే బొమ్మ రాదు. రెండు టీవీలకు రెండు బాక్స్‌లు పెట్టాలంటే రెండు కనెక్షన్లున్న ఎల్ఎన్‌బీ (డిష్ ముందు అమర్చే, సంకేతాన్ని అందుకునే భాగం) కావాలి.

ఇవన్నీ చూశాక కూడా వెంటనే కనెక్షన్ రద్దు చేయకండి. సేవను తాత్కాలికంగా నిలిపివేయమని మీ డీటీహెచ్ సంస్థను అడగవచ్చు. ఆ నెలంతా ఇంటర్నెట్‌తో, వీలైతే ఫ్రీ డిష్‌తో గడపండి. ఐపీఎల్ లేదా సంక్రాంతి వచ్చే నెలను ఈ పరీక్షకు ఎంచుకుంటే ఇంట్లో వాళ్ళ అసలు అవసరం బయటపడుతుంది. నెల తిరిగేసరికి ఎవరూ డిష్ గురించి అడగకపోతే దాన్ని వదిలేయవచ్చు. ఒక్కరు అడిగినా, వాళ్ళు అడిగిన చానళ్ళతోనే చిన్న ప్యాక్ వేయించండి.

స్ట్రీమింగ్ వైపు వెళ్ళేవారు దానికోసం కొత్త స్మార్ట్ టీవీ కొనవలసిన అవసరం లేదు. హెచ్‌డీఎంఐ రంధ్రం ఉన్న పాత టీవీకి ఒక స్ట్రీమింగ్ స్టిక్ తగిలిస్తే చాలు. కొన్నేళ్ళకు యాప్‌ల నవీకరణ ఆగిపోయినప్పుడు మార్చవలసింది ఆ చిన్న పరికరమే అవుతుంది. డిష్‌తో కొనసాగేవారిలో బాక్స్ పాడై కొత్తది కొనేవారు మాత్రం, ఉపగ్రహ చానళ్ళనూ యాప్‌లనూ ఒకే రిమోట్‌తో ఇచ్చే ఆండ్రాయిడ్ బాక్స్ ధర అడిగి చూడండి. కనెక్షన్ వదిలేసేవారు, బాక్స్ సొంతమా అద్దెదా అని చూసి, అద్దెదైతే తిరిగి ఇచ్చి రసీదు తీసుకోవాలి, ఖాతాలో మిగిలిన సొమ్ము వాపసు గురించి రాతపూర్వకంగా అడగాలి. డిష్‌ను, దాని నుంచి ఇంట్లోకి దిగే కేబుల్‌ను మాత్రం పీకించకండి. తర్వాత ఫ్రీ డిష్ పెట్టుకోవాలనుకుంటే చాలాసార్లు అదే డిష్ దిక్కు మార్చి వాడుకోవచ్చు.