చిన్న కారు కొంటున్నారా? ముందు కింద వంగి చూడండి

మా టైర్ల షాపు నల్లగొండలో దేవరకొండ రోడ్డు మీద ఉంది. పంక్చర్ దగ్గర నుంచి అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ దాకా అన్నీ చేస్తాం. షోరూమ్ వాళ్లు కారును ముందు నుంచి చూపిస్తారు, మేం ర్యాంపు ఎక్కించి కింది నుంచి చూస్తాం. అందుకే "అన్నా, చిన్న కారు తీసుకుందామనుకుంటున్న, ఏది బెటర్?" అని మా దగ్గర అడిగేవాళ్లు ఎక్కువ. వాళ్లలో కార్లంటే పిచ్చి ఉన్న పిల్లలు వేరే రకం. ఏ ఇంజిన్‌కు ఎంత పవర్, ఏ కారు ఎన్ని సెకన్లలో వంద స్పీడు అందుకుంటుంది, అన్నీ నోటికి చెప్తారు. టైరు సైజెంత అంటే మాత్రం జేబులోంచి ఫోన్ తీస్తారు.

ఇది వాళ్ల కోసం రాస్తున్నాను. ఫలానా కారే కొనమని చెప్పను. మన రోడ్లకు, మన ఎండకు, మనం ఎక్కించే బరువుకు ఏ కారు తట్టుకుంటుందో కొనకముందే ఎట్లా తేల్చుకోవాలో చెప్తాను.

ముందు పన్ను గీత ఎక్కడుందో తెలుసుకోండి

పొడవు 4 మీటర్లు మించకూడదు. పెట్రోల్, సీఎన్‌జీ అయితే ఇంజిన్ 1200 సీసీ లోపు, డీజిల్ అయితే 1500 సీసీ లోపు ఉండాలి. జీఎస్టీ లెక్కలో చిన్న కారు అంటే ఇదే. 2025 సెప్టెంబర్ 22 నుంచి వీటి మీద 18 శాతం పన్ను. ఈ గీత దాటిన పెట్రోల్, డీజిల్ కార్లకు 40.

స్పీడు ఇష్టపడేవాళ్లు గీత లోపలే ఉండి కూడా సరదా తీర్చుకోవచ్చు. ఐ20 ఎన్ లైన్ ఇంజిన్ 998 సీసీయే, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే పరికరం) వల్ల 120 పీఎస్ పవర్ ఇస్తుంది. పీఎస్ అంటే దాదాపు హార్స్‌పవరే. స్కోడా కైలాక్‌ది 999 సీసీ, 115 పీఎస్. 2024లో వచ్చిన స్విఫ్ట్‌కు టర్బో లేదు, 1197 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్, 82 పీఎస్. నార్కట్‌పల్లిలో 65వ నంబర్ హైవే ఎక్కి లారీని దాటేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. క్లాక్ టవర్ సెంటర్లో ఆటోల మధ్య ఇరుక్కున్నప్పుడు ఏమీ తెలియదు. మీ బండి నెలలో ఎక్కువ రోజులు ఏ రోడ్డు మీద ఉంటుందో మీకే తెలియాలి.

హైదరాబాద్ పోయి వచ్చేది ఎంత, ఊరికి పోయేది ఎంత, ఊళ్లో తిరిగేది ఎంత అని ఒక కాగితం మీద రాసుకోండి. వెనక సీట్లో ఎవరు కూర్చుంటారో కూడా రాయండి. మోకాళ్ల నొప్పులున్న అమ్మ రోజూ ఎక్కి దిగాలంటే వ్యాగన్ఆర్ లాంటి ఎత్తు సీటు కారు ముందు మిగతావన్నీ దిగదుడుపే. బత్తాయి తోట ఉన్నవాళ్లయితే డిక్కీ చూసుకోవాలి. స్విఫ్ట్ డిక్కీ 265 లీటర్లు, వ్యాగన్ఆర్‌ది 341, డిజైర్‌ది 382. సీఎన్‌జీ తీసుకుంటే సిలిండర్ ఆ జాగాను మింగేస్తుంది. టాటా వాళ్లు ఒక పెద్ద సిలిండర్ బదులు రెండు చిన్నవి అడుగున పడుకోబెట్టారు కాబట్టి వాటిలో కొంత సామాను పడుతుంది. ఏదైనా సరే, ఖాళీ డిక్కీ చూసి అంచనా వేయకండి, ఇంట్లో ఉన్న పెద్ద సూట్‌కేసు తీసుకుపోయి పెట్టి చూడండి. సేల్స్ పిల్లలు నవ్వితే నవ్వనీయండి.

టైరు లెక్క

టైరు పక్కన 185/65 ఆర్15 అని ఉంటుంది. 185 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 65 అంటే ఆ వెడల్పులో 65 శాతం సైడ్‌వాల్ ఎత్తు, అంటే రిమ్ముకు, రోడ్డుకు మధ్య ఉండే రబ్బరు. 15 రిమ్ము అంగుళాలు. 185లో 65 శాతం తీస్తే 120 మిల్లీమీటర్ల రబ్బరు ఉన్నట్టు.

ఇప్పుడు బలెనో తీసుకోండి. కింది వేరియంట్లకు ఇదే 185/65 ఆర్15 వస్తుంది. పై వేరియంట్లకు 195/55 ఆర్16 అలాయ్. చూడ్డానికి రెండోదే అందం, అందులో అనుమానం లేదు. 195లో 55 శాతం 107 మిల్లీమీటర్లు. రెండు టైర్ల మొత్తం ఎత్తు కొలిస్తే ఇంచుమించు ఒకటే, 621 మిల్లీమీటర్లు. కారు ఒక్క మిల్లీమీటరు కూడా పైకి లేవలేదు. మీరు ఎక్కువ డబ్బు పెట్టి రబ్బరు తగ్గించుకుని, ఆ జాగాలో ఇనుమో అల్యూమినియమో పెట్టించుకున్నారన్నమాట. స్విఫ్ట్ కింది వేరియంట్‌కు వచ్చే 165/80 ఆర్14 కూడా దాదాపు అంతే ఎత్తు, దాంట్లో రబ్బరు 132 మిల్లీమీటర్లు. మునుగోడు వైపు పల్లెల్లో తిరిగే బండికి నా ఓటు దానికే.

రబ్బరు తగ్గితే ఏమవుతుందో మా ర్యాంపు మీద చూడొచ్చు. గుంతలో స్పీడుగా పడ్డప్పుడు గుంత అంచుకు, రిమ్ము అంచుకు మధ్య టైరు నలుగుతుంది. లోపలి దారాలు అక్కడ తెగుతాయి. పైకి ఆ రోజు ఏమీ కనబడదు. కొన్నాళ్లకు ఆ చోట గాలి రబ్బరును బయటికి తోసి, కోడిగుడ్డంత బుగ్గ లేస్తుంది. బుగ్గ లేచిన టైరుకు రిపేరు లేదు, మార్చాల్సిందే. హైవే మీద అది పగిలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. స్టీలు రిమ్ము వంగితే సుత్తితో కొట్టి సరిచేస్తాం. అలాయ్ చిట్లితే మాత్రం మేం వెల్డింగ్ పెట్టం, ఎంత బతిమాలినా పెట్టం.

షోరూమ్ దాటగానే పెద్ద రిమ్ములు వేయించాలనుకునే పిల్లలకు ఒక్క మాట. కంపెనీ ఇచ్చిన టైరు మొత్తం ఎత్తు మారకుండా వేయించుకోండి. అది మారితే స్పీడోమీటరు తప్పు చూపిస్తుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపల రాసుకుంటుంది.

గ్రౌండ్ క్లియరెన్స్, అంటే రోడ్డుకు, బండి అడుగుకు మధ్య ఖాళీ గురించి కూడా ఇక్కడే. స్విఫ్ట్‌ది 163 మిల్లీమీటర్లు, పంచ్‌ది 187, ఫ్రాంక్స్‌ది 190 అని చెప్తారు. చాలా కంపెనీలు చెప్పేది ఖాళీ బండి లెక్క. ఐదుగురు ఎక్కి డిక్కీ నింపితే వెనక భాగం దిగుతుంది. ఊళ్లలో ఎవరి ఇంటి ముందు వాళ్లు పోసుకున్న స్పీడ్ బ్రేకర్లు ఏ కొలతకూ లొంగవు. కోతలప్పుడు సగం రోడ్డు వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు, రాత్రి అవి కనబడవు. మా దగ్గరికి కింద తగిలించుకుని వచ్చే బండ్లలో ఎక్కువ ఈ రెండు రకాలే.

టెస్ట్ డ్రైవ్ మీ రోడ్డు మీద చేయండి

షోరూమ్ వాళ్లు తీసుకుపోయే రోడ్డు నున్నగా ఉంటుంది, సేల్స్ అబ్బాయి పక్కన కూర్చుని స్క్రీన్ చూపిస్తుంటాడు. ముందు రోజే ఫోన్ చేసి, మీరు చెప్పిన దారిలో పోతామని మాట తీసుకోండి. ఒప్పుకోకపోతే ఇంకో షోరూమ్‌కు పోండి.

ఇంకో పని చేయండి. బండి ఎక్కేముందు టైర్లలో గాలి చూడండి. డ్రైవర్ డోర్ తెరిస్తే పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటుంది, ఎంత గాలి ఉండాలో దాని మీద రాసి ఉంటుంది. యార్డులో చాలా రోజులు నిలబెట్టే బండ్లకు గాలి ఎక్కువ కొట్టి పెడతారు, కొన్నిసార్లు అట్లనే టెస్ట్ డ్రైవ్‌కు ఇస్తారు. 33 ఉండాల్సిన చోట 42 ఉంటే మెత్తని సస్పెన్షన్ కూడా ఎడ్లబండిలా ఎగురుతుంది. మీరేమో "దీని సస్పెన్షన్ గట్టి" అని తీర్పు చెప్పి వచ్చేస్తారు. గేజి మీ దగ్గర లేకపోతే దగ్గర్లో పెట్రోల్ బంకులో ఆపించండి.

ఒక్కరే పోకండి. ఇంట్లోవాళ్లను ఎక్కించి, ఏసీ పూర్తిగా పెట్టి, మధ్యాహ్నం ఎండలో నడపండి. చిన్న ఇంజిన్‌కు ఏసీ మోయడం పెద్ద పని. నలుగురితో, ఏసీతో చెర్వుగట్టు గుట్ట ఎక్కించండి. పాలమూరు వాళ్లయితే మన్యంకొండ. రెండో గేరులో మూలుగుతూ ఎక్కుతుందా, మొదటి గేరుకు దిగమంటుందా చూడండి. మే నెలలో నల్లగొండ ఎండ సంగతి మీకు తెలిసిందే, వెనక సీటుకు ఏసీ గాలి ఎంత సేపట్లో అందుతుందో వెనక కూర్చున్నవాళ్లనే అడగండి.

గేర్లు వేయడం విసుగనుకునేవాళ్లు ఆటోమేటిక్ అని ఒకే మాట అంటారు, కానీ లోపల రకాలు వేరు. ఏఎంటీ అంటే మామూలు గేరుబాక్సే, క్లచ్ పని మిషన్ చేస్తుంది. చవక, మైలేజీ పోదు, కానీ గేరు మారేటప్పుడు తల ఊగుతుంది. బండి నడపడమంటే ఇష్టమున్నవాళ్లకు అది కొన్నాళ్లకే చిరాకు తెప్పిస్తుంది. కైలాక్, ఫ్రాంక్స్ టర్బోల్లో టార్క్ కన్వర్టర్ వస్తుంది, ఇందులో క్లచ్ బదులు నూనె ద్వారా శక్తి అందుతుంది, సాఫీగా ఉంటుంది, ధర ఎక్కువ. ఐ20లో సీవీటీ రకం, అంటే విడివిడి గేర్లు లేకుండా బెల్టు మీద నడిచేది. ఎన్ లైన్‌లో డీసీటీ, అంటే రెండు క్లచ్‌లతో గేర్లు చకచకా మార్చేది. శ్రీశైలం తరచూ పోయేవాళ్లు ఏఎంటీ తీసుకుంటే ఘాట్‌లో మాన్యువల్ మోడ్‌లో పెట్టుకోవడం నేర్చుకోండి, దిగేటప్పుడు ఇంజిన్ బ్రేకింగ్ దొరుకుతుంది, అంటే చిన్న గేరులో ఇంజినే బండి స్పీడును పట్టి ఉంచుతుంది, బ్రేకులు కాలిపోవు. (శ్రీశైలం దారిలో అడవి దగ్గరి మన్ననూర్ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూస్తారు, కొత్త కారు సంబురంలో మరిచిపోకండి.)

డోరు గట్టిగా వేసి శబ్దం విని "సేఫ్టీ బాగుంది" అనేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. 2023 అక్టోబర్ నుంచి భారత్ ఎన్‌క్యాప్ అని మన దేశంలోనే క్రాష్ టెస్టులు జరుగుతున్నాయి. ఒకే కంపెనీ కార్లయినా డిజైర్‌కు 5 స్టార్లు, బలెనోకు 4 వచ్చాయి. పేరు చూసి కాదు, మోడల్ చూసి అడగాలి.

డబ్బు మాట్లాడేటప్పుడు

కొటేషన్ కాగితం మీద తీసుకోండి, నోటి మాట వద్దు. మన రాష్ట్రంలో 5 లక్షల నుంచి 10 లక్షల ధర ఉన్న కారుకు లైఫ్ ట్యాక్స్ 14 శాతం. 8 లక్షల కారుకు 1,12,000. మీ పేరు మీద ఇప్పటికే కారు ఉంటే రెండో కారుకు 2 శాతం అదనం, అంటే అదే కారుకు 1,28,000. కారు లేని ఇంటి మనిషి పేరు మీద తీసుకుంటే ఆ 16,000 మిగులుతుంది. ధర 10 లక్షలు దాటిందా, లైఫ్ ట్యాక్స్ శాతం పెరుగుతుంది, అది కాక కారు ధర మీద 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే ఇన్‌కమ్ ట్యాక్స్) కూడా పడుతుంది. టీసీఎస్ ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో వెనక్కి వస్తుంది, లైఫ్ ట్యాక్స్ రాదు. 9.90 లక్షల దగ్గర ఆగాలా, 10.20 లక్షల వేరియంట్‌కు పోవాలా అనే మీమాంసలో ఉన్నవాళ్లు ఆన్‌రోడ్ ధరలు, అంటే పన్నులు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపినవి, పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఎలక్ట్రిక్ కారుకైతే 2026 డిసెంబర్ 31 దాకా లైఫ్ ట్యాక్స్ మాఫీ ఉంది.

కొత్త కారుకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ 3 ఏళ్లకు తప్పనిసరి. మిగతాది, అంటే మన బండికి జరిగే నష్టానికి తీసుకునేది, ఏడాదికి చాలు. అది షోరూమ్‌లోనే తీసుకోవాలని రూలు లేదు. బయట కొటేషన్ తెచ్చి చూపిస్తే అక్కడికక్కడే ధర దిగడం నేను చాలాసార్లు చూశాను. హ్యాండ్లింగ్ ఛార్జీలు అని ఒక లైను ఉంటే ఎందుకని అడగండి, గట్టిగా అడిగినవాళ్లకు చాలాచోట్ల కొట్టేస్తారు.

ఆషాఢంలో, పెత్రమాస ముందు పక్షంలో షోరూమ్‌లు ఖాళీగా ఉంటాయి, బేరం అప్పుడు చేయాలి. ముహూర్తం పట్టింపు ఉంటే బేరం, బుకింగ్ అప్పుడు చేసుకుని డెలివరీ దసరాకు తీసుకోండి. డిసెంబర్ ఆఫర్లు పెద్దవే, కానీ రేపు అమ్మేటప్పుడు కొనేవాడు తయారైన సంవత్సరం చూస్తాడు. పదేళ్లు ఉంచుకునేవాళ్లకు అది లెక్కలోకి రాదు, మూడేళ్లకోసారి మార్చేవాళ్లకు వస్తుంది.

తాళాలు తీసుకునే ముందు

రిజిస్ట్రేషన్ కాకముందే, పగటి వెలుతురులో బండి చూడండి. తయారైన నెల, సంవత్సరం సేల్ సర్టిఫికెట్‌లో ఉంటాయి. దాన్ని టైర్లతో సరిచూడండి. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, 3225 అంటే 2025లో 32వ వారం తయారైంది. నాలుగు టైర్ల తేదీలు కొద్దిగా అటూ ఇటూ ఉంటే ఫరవాలేదు. ఒక్క టైరు మాత్రం బండి తయారైన తేదీ తర్వాతిది అయితే, యార్డులో ఏదో జరిగి మార్చారని అర్థం. కాగితం మీద సమాధానం అడగండి.

డిక్కీ అడుగున చాప ఎత్తి స్టెప్నీ చూడండి. చాలా కార్లకు ఇప్పుడు చిన్న సైజు స్టెప్నీ ఇస్తున్నారు, కొన్నింటికి పంక్చర్ కిట్టే. చిన్న సైజుదైతే దాని మీదే స్పీడు హద్దు రాసి ఉంటుంది, మామూలుగా 80. జాక్, స్పానర్ ఉన్నాయా చూసుకోండి. స్టెప్నీలో గాలి కూడా కొట్టించుకోండి, అందులో గాలి చూసేవాళ్లు మా షాపు దాకా వచ్చేవాళ్లలో కూడా తక్కువే.