అరగంట నృత్యరూపకం: డయాగిలెవ్ పద్ధతిలో కట్టడం ఎలా

రష్యాకు చెందిన బాలే నిర్వాహకుడు సెర్గీ డయాగిలెవ్ డాన్సరూ కాదు, స్వరకర్తా కాదు. అయినా 1909లో పారిస్‌లో ఆయన బృందం ‘బాలే రూస్’ తెర లేచాక బాలే తీరే మారిపోయింది. స్వరకర్తను, చిత్రకారుడిని, నృత్యకర్తను మొదట్లోనే ఒకచోట కూర్చోబెట్టడం ఆయన పద్ధతి. హైదరాబాద్‌లో చాలా రూపకాలకు ముందు పాట రికార్డవుతుంది, తర్వాత అడుగులు పడతాయి, దుస్తులు ఆఖరి వారంలో అద్దెకొస్తాయి. ఈ వరస మార్చాలి.

ముందు నిడివి. ఆయన ఒకే సాయంత్రం మూడు నాలుగు చిన్న బాలేలు వేసేవాడు. మీరూ కథను 30 నిమిషాలకు కుదించండి. ఆదితాళంలో ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, 8 అక్షరాలు (దెబ్బలు). నిమిషానికి 80 అక్షరాల నడకలో ఒక ఆవర్తనానికి 6 సెకన్లు. మొత్తం 300 ఆవర్తనాలు. వాటిని సన్నివేశాలవారీగా చార్టు మీద పంచండి. ప్రవేశ దరువు (పాత్ర రంగం మీదికి వచ్చే పాట) 40 ఆవర్తనాలు దాటిందా, అసలు కథకు చోటుండదు. 1910 నాటి బాలే ‘ఫైర్‌బర్డ్’కు స్వరకర్త స్ట్రావిన్‌స్కీ, నృత్యకర్త ఫోకిన్ ఇలాగే సన్నివేశం వెంట సన్నివేశం కలిసి కూర్చారు.

అసలు కష్టం రంగుల్లో ఉంది. సికింద్రాబాద్ జనరల్ బజార్ బట్టల దుకాణాల్లో అర మీటరు చొప్పున ముక్కలు కొని, కుట్టించకముందే స్టేజీ లైట్ల కింద చూడండి. నీలం జెల్ (లైటు ముందు పెట్టే రంగు షీటు) కింద ఎర్ర పట్టు నల్లబడుతుంది. ఆ వెలుగులో ఎరుపు ఉండదు మరి. వెడల్పు జరీ మీద ముందు లైటు పడితే ముఖాభినయం కన్నా అంచే ముందు కనిపిస్తుంది. ఒక జత కుట్టించి, విసనకర్రలా విచ్చుకునే కుచ్చిళ్లతో అరమండిలో (మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమలో) నిలబెట్టి చూడండి. పట్టేస్తే మడతలు పెంచాలి. 1917లో డయాగిలెవ్ బృందం బాలే ‘పరేడ్’కు చిత్రకారుడు పికాసో చేసిన భారీ అట్ట వేషాల్లో డాన్సర్లు కదలడానికే అవస్థపడ్డారు. డిజైనర్ రిహార్సల్‌కు రావాల్సింది ఇందుకే.

1913 మే 29న ఆ బృందం బాలే ‘రైట్ ఆఫ్ స్ప్రింగ్’ తొలి ప్రదర్శనలో ప్రేక్షకుల గోలకు డాన్సర్లకు సంగీతం వినపడలేదు. నృత్యకర్త నిజిన్‌స్కీ పక్క తెర వెనక కుర్చీ ఎక్కి అడుగుల లెక్కలు అరిచాడు. మన దగ్గర గోల గజ్జెలది. పదిమంది కలిసి తట్టుమెట్టు (పాదాలతో నేలను తట్టే అడుగు) వేస్తే తాళం మునిగిపోతుంది. రెండు వైపులా మానిటర్ స్పీకర్లు స్టేజీ వైపు తిప్పించి, నట్టువాంగం తాళాలకు (గురువు చేతి తాళాలకు) విడిగా మైకు పెట్టించండి.

ఖర్చు దగ్గర మాత్రం డయాగిలెవ్ దారి వద్దు. 1921లో లండన్‌లో ‘స్లీపింగ్ ప్రిన్సెస్’ ఆడంబరానికి అప్పులపాలై, సెట్లు, దుస్తులు పోగొట్టుకున్నాడు. మీ సెట్టు మడిచి ఒక్క ట్రాలీ ఆటోలో పట్టాలి. పట్టకపోతే ముక్కలు తగ్గించండి.