మబ్బుల నగరంలో నక్షత్రాలు – నాలుగో పాఠం: గోడ అంచే గడియారం

పోయిన పాఠం చివర ఒక చిన్న పని ఇచ్చాను. చిన్నదని అనుకున్నది నేను ఒక్కణ్ణేనని ఇప్పుడు తెలిసింది. బాగా మెరిసే నక్షత్రాన్ని ఒకదాన్ని ఎంచుకుని, అది ఏదైనా భవనం అంచు వెనక్కి ఏ సమయానికి వెళ్తుందో రాసుకోమన్నాను. మర్నాడు అదే చోట నిలబడితే నాలుగు నిమిషాలు ముందుగా దాక్కుంటుందన్నాను. ఒకరికి పదకొండు నిమిషాలు ముందుగా దాక్కుందట. ఇంకొకరికి మూడు నిమిషాలు ఆలస్యమైంది. మరొకరి నక్షత్రం మబ్బుల్లో పరుగెత్తింది. ఈ వారం రాశుల గురించి రాద్దామనుకున్నాను కానీ ఇది తేలకుండా ముందుకు పోలేం.

పరుగు సంగతి ఒక్క మాటలో తేలుతుంది. మబ్బుల్లో చంద్రుడు పరుగెత్తడం చిన్నప్పుడు అందరం చూసిందే. కదిలేది మబ్బు.

ఇద్దరు ధ్రువ నక్షత్రాన్ని ఎంచుకుని గంటన్నర నిలబడ్డారు. తప్పు నాది, ముందే చెప్పవలసింది. ఆకాశమంతా దాదాపు దాని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి అది ఏ గోడ వెనక్కీ వెళ్లదు. దక్షిణం వైపో పడమర వైపో ఉన్నవాటిని చూడండి. సిరియస్, స్వాతి, చిత్ర, జ్యేష్ఠ, శ్రవణం వంటివి వీధి దీపాల వెలుగులోనూ కనిపిస్తాయి. మనకు కావలసింది ఒక్క నక్షత్రమే కాబట్టి, నగరంలో ఆకాశం తెల్లబారిపోయిందన్న బాధ ఈ పాఠంలో అక్కర్లేదు.

ఇక అసలు సంగతి. లెక్క తప్పినవారిలో ఎక్కువమంది మేడ మీది పిట్టగోడనో, బాల్కనీ స్తంభాన్నో అంచుగా తీసుకున్నారు. "అదే చోట నిలబడ్డాను, కాళ్ల దగ్గర సుద్దతో గీత కూడా గీశాను" అని రాశారు. నక్షత్రాన్ని చూసేది కాళ్లు కాదు. కాళ్లు గీత మీదే ఉన్నా తల ఐదు సెంటీమీటర్లు ఇటో అటో ఒరగడం ఎంతసేపు? అంచు మూడు మీటర్ల దూరంలో ఉంటే, తల పక్కకు ఐదు సెంటీమీటర్లు జరిగినందుకు ఆ అంచు ఆకాశం మీద దాదాపు ఒక డిగ్రీ జరుగుతుంది. ఆకాశం ఒక డిగ్రీ తిరగడానికి పట్టేది నాలుగు నిమిషాలు. అంటే మీరు కొలవాలనుకున్న ఒక రోజు తేడా మొత్తాన్ని మీ మెడే మింగేసింది. పది సెంటీమీటర్లు ఒరిగితే రెండు రోజులు పోయాయి. చెప్పు మడమ ఎత్తు మారినా, ఒక రోజు కుడి కన్నుతో, మరో రోజు ఎడమ కన్నుతో చూసినా ఇదే గొడవ. రెండు కళ్ల మధ్య దూరమే ఆరు సెంటీమీటర్లకు పైగా ఉంటుంది మరి. అదే అంచు అరవై మీటర్ల దూరంలో ఉన్న భవనానిదైతే, ఐదు సెంటీమీటర్ల ఒరుగుడికి వచ్చే తేడా పది పన్నెండు సెకన్లు. పట్టించుకోనక్కర్లేదు.

కాబట్టి దూరపు భవనం, నిట్టనిలువు అంచు, ఒక కన్ను. నేనైతే కిటికీ చట్రానికి చెంప ఆనించి చూస్తాను. చూసేవాళ్లకు వింతగా ఉంటుంది, కానీ తల కదలదు. దూరపు అంచుతో ఇంకో లాభం ఉంది. నక్షత్రం ఒకటి రెండు సెకన్లలో టక్కున మాయమవుతుంది. మెల్లగా మసకబారి పోయిందంటే అది మబ్బు పని. ఆ సమయం రాయకండి.

ఫోన్‌లోని ఆకాశపటం చూపే యాప్ వాడవచ్చా అని అడిగారు. నాకు ఇష్టం లేదు. ఇనుప రెయిలింగ్ పక్కన నిలబడితే దాని దిక్సూచి తప్పు చూపవచ్చు, మీరేమో కంటిని వదిలి ఫోన్‌ను నమ్ముతారు.

మబ్బుల ఊళ్లో ఈ అభ్యాసం ఎందుకంటే, ఆకాశం కనిపించని రోజుల్లో కూడా లెక్క నడుస్తూనే ఉంటుంది. భూమి తన చుట్టూ తాను తిరగడానికి పట్టేది 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు. మన గడియారం రోజు 24 గంటలు కాబట్టి నక్షత్రం రోజుకు 3 నిమిషాల 56 సెకన్లు ముందుగా దాక్కుంటుంది. ఏప్రిల్ 10 రాత్రి 9:10కి సిరియస్ అంచు వెనక్కి వెళ్లిందనుకోండి. తర్వాత పన్నెండు రోజులు ముసురు. ఏప్రిల్ 22న ఎన్నింటికి చూడాలి? పన్నెండు నాలుగులు నలభై ఎనిమిది. 8:22కి. ఎనిమిదింబావుకు కిటికీ దగ్గరకు వెళ్లి, ఆ కాసేపు మబ్బు విడితే చాలు. పదిహేను రోజులకు గంట, నెలకు రెండు గంటలు అని గుర్తుంచుకుంటే కాగితం కూడా అక్కర్లేదు. వాన వెలిసిన రాత్రిని మాత్రం వదలకండి. దుమ్ము కడుక్కుపోయిన ఆకాశం నగరంలో తరచుగా దొరకదు.

అన్నింటికన్నా నాకు నచ్చిన జవాబు ఒకటుంది. ఆమె అన్నీ సరిగానే చేశారు. దూరపు నీళ్ల ట్యాంకు అంచు, ఆనించిన తల, నాలుగు సాయంత్రాలు. అయినా సమయం దాదాపు కదలలేదు. పడమట, పొద్దు కుంకగానే, మిగతా అన్నింటికన్నా ప్రకాశంగా కనిపించిందట. అది నక్షత్రం కాదు, శుక్రుడు. నక్షత్రాల మధ్య రోజుకు డిగ్రీకి పైగా తూర్పుకు జరుగుతూ నాలుగు నిమిషాలనూ తిరిగి తెచ్చేసుకుంటున్నాడు. పటం చూడకుండా, పేరు తెలియకుండా ఆమె ఒక గ్రహాన్ని పట్టుకున్నారు. గురుడు, శని ఇంత తొందరగా దొరకరు. వాళ్లకు వారాలు కావాలి.

ఈసారి అభ్యాసం కాస్త కష్టమే. ఇరవై రోజుల్లో ఒకే నక్షత్రాన్ని ఒకే అంచు దగ్గర మూడుసార్లు పట్టుకోండి. రెండోసారి, మూడోసారి బయటికి చూడకముందే రావలసిన సమయం కాగితం మీద రాయండి, చూశాక దిద్దకండి. ఆ నిమిషానికి మబ్బు అడ్డొస్తే "మబ్బు" అని రాసి, మర్నాటి సమయం లెక్కకట్టండి. రెండు నిమిషాలకు మించి తేడా వస్తే ముందు తల ఎక్కడ పెట్టారో చూసుకుని, తర్వాతే నాకు రాయండి.