వెనుక కుంగిన ఫోర్ వీల్ డ్రైవ్ బండి – రెండో పాఠం: కమాను కట్టను పరీక్షించడం

ఖాళీ బండిని చదునైన నేల మీద నిలిపి, ప్రతి చక్రం దగ్గరా హబ్ (చక్రం బిగిసి ఉండే నడిమి భాగం) నడిమధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా ఎత్తు కొలిచి రాసుకోమని మొదటి పాఠం చివర చెప్పాను. నేల నుంచి కొలిస్తే టైరులో గాలి తగ్గినా అంకె మారిపోతుంది. హబ్ నుంచి కొలిస్తే ఆ చిక్కు లేదు. ఆ నాలుగు అంకెలనూ ఇప్పుడు ముందు పెట్టుకోండి.

వెనుక రెండువైపులా ఒకేలా తగ్గితే, ఏళ్ల తరబడి బరువు మోసి ఉక్కు అలసిపోయిందన్నమాట. ఒకవైపే తగ్గితే ఆ వైపు కమాను కట్టలో (వంచిన ఉక్కు పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన స్ప్రింగు) విరిగిన పట్టీ కోసమో, అరిగిన బుష్ (కట్ట చివరల కీలులో ఉండే తొడుగు) కోసమో వెతకాలి. అయితే తొందరపడవద్దు. ముందు కుడి స్ప్రింగు బలం కోల్పోతే వెనుక ఎడమ మూల కాస్త లేచి, వెనుక కుడి మూల కుంగినట్టు కనిపిస్తుంది. నాలుగు చోట్లా కొలవమన్నది అందుకే.

ఇక్కడే చాలామంది కొత్త షాక్ అబ్జార్బర్లు కొనేస్తారు. అలా డబ్బు వృథా అవుతుంటే నాకు నిజంగా బాధేస్తుంది. షాక్ అబ్జార్బరు ఊగిసలాటను అణచడానికే ఉంది. బండి ఎత్తును నిలబెట్టేది కమాను కట్ట, కొన్ని బండ్లలో కాయిల్ స్ప్రింగు. కాయిల్ అయితే పని తేలిక: పగుళ్లు చూసి, మీ బండి మోసే బరువుకు తగిన జతను రెండువైపులా కలిపి మార్చండి. ఈ పాఠం కమాను కట్ట ఉన్నవారి కోసం.

చక్రాలు నేల మీద ఉండగానే పక్క నుంచి చూడండి. కట్ట రెండు చివరల కళ్ల (పట్టీని గుండ్రంగా చుట్టిన రంధ్రాల) మధ్య ఒక దారం లాగి పట్టుకోండి. పై పట్టీ నడుమ భాగం దారానికి దిగువన ఎంత దూరంలో ఉందో కొలవండి. పట్టీ దారానికి ఆనుకుపోతే విల్లువంపు పోయినట్టే. ఇరుసుకు పైన ఉండే బంప్ రబ్బరు నలిగి, అది తగిలే చోట ఇనుము మెరుస్తుంటే కట్ట ఇక బరువు ఆపలేకపోతోందని అర్థం.

తర్వాత ఛాసిస్‌ను (బండి అడుగు చట్రాన్ని) గట్టి స్టాండ్ల మీద నిలపండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి ఎప్పుడూ దూరవద్దు. వైరు బ్రష్‌తో మట్టి దులిపి, టార్చిని ఏటవాలుగా పట్టుకుని ఒక్కో పట్టీ అంచునూ నెమ్మదిగా చూడండి. యు బోల్టుల (కట్టను ఇరుసుకు బిగించేవి) పక్కన, సెంటర్ బోల్టు (పట్టీలన్నిటినీ నడుమ కలిపి పట్టేది) దగ్గర ఎక్కువ సేపు ఆగండి, పగుళ్లు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. నా పాత బండి రెండో పట్టీ మీద వెంట్రుకంత సన్నని ఎర్రటి గీత కనిపిస్తే మామూలు తుప్పే అనుకున్నాను. గోరుతో గీస్తే గోరు చిక్కుకుంది. పట్టీ అడ్డంగా విరిగి, పైదీ కిందిదీ పట్టి ఉంచడంతో కట్టలోనే నిలిచి ఉంది.

విరిగిన పట్టీ ఉంటే రెండువైపులా కొత్త కట్టలు వేయడమే నా సలహా. పట్టీలు బాగుండి వంపు మాత్రమే పోతే కమాను పని చేసేవారు మళ్లీ వంచి ఇస్తారు. సరైన ఉష్ణశుద్ధి (ఉక్కును వేడిచేసి చల్లార్చి బలమివ్వడం) లేకుండా చల్లగా వంచినది మళ్లీ త్వరగానే కుంగుతుంది. అదనపు పట్టీ వేయించుకునేవారు మందం గమనించాలి. పట్టీ బిగువు (వంగకుండా ఎదిరించే గుణం) మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. మిగతా కొలతలు ఒకటే అయితే 6 మి.మీ. పట్టీ కంటే 8 మి.మీ. పట్టీ రెండు రెట్లకు పైగా బిగువు. ఖాళీ బండి గుంతల్లో ఎగిరి పడటానికి తరచూ కారణం ఇదే.

పొడవు షాకిళ్లు (కట్ట ఒక చివరను ఛాసిస్‌కు కలిపే ఊగే లింకులు) మాత్రం వద్దు. 50 మి.మీ. పొడవు పెంచితే బండి సుమారు 25 మి.మీ. మాత్రమే లేస్తుంది. కట్టకు బలం రాదు, పైగా ఇరుసు కోణం మారి ప్రొపెల్లర్ షాఫ్టు (ఇంజను శక్తిని ఇరుసుకు చేర్చే తిరిగే కడ్డీ) అదరవచ్చు.

ఇంకొకటి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కొన్ని బండ్లలో వెనుక బ్రేకు ఒత్తిడిని సర్దే వాల్వు ఒక కడ్డీతో ఇరుసుకు కలిసి ఉంటుంది. కుంగిన బండిని అది బరువెక్కిన బండిగా లెక్కిస్తుంది. ఎత్తు సరిచేశాక ఆ కడ్డీని తయారీదారు చెప్పిన కొలతకు మళ్లీ అమర్చాలి.

వచ్చే పాఠంలో కట్ట విప్పి బిగిద్దాం. అప్పటిలోగా యు బోల్టు నట్లకూ షాకిల్ నట్లకూ తుప్పు వదిలించే నూనె రోజూ కొట్టండి. కొత్త యు బోల్టులు తెచ్చిపెట్టుకోండి. ఒకసారి బిగించి సాగిన పాతవాటిని మళ్లీ వాడనివ్వను.